పిల్లలకు సైన్సు వార్తలు: భయపెట్టేవీ విసుగు పుట్టించేవీ పోగా మిగిలేవి ఏమిటి?

ఏడో తరగతి అమ్మ

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. మా అబ్బాయి ఇప్పుడు ఏడో తరగతి చదువుతున్నాడు. 2025 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, భూమిని ఒక గ్రహశకలం ఢీకొట్టబోతోందంటూ ఎర్రటి అక్షరాలతో, ఉరుముల చప్పుడుతో టీవీలో అరగంట సేపు వచ్చిన కార్యక్రమాన్ని వాడు మా అత్తగారి పక్కన కూర్చుని చూశాడు. ఆ రాత్రి నిద్రపోలేదు. 2032 నాటికి తనకెన్నేళ్ళు వస్తాయో, చెల్లెలికి ఎన్నేళ్ళు వస్తాయో వేళ్ళ మీద లెక్క వేసుకుంటూ కూర్చున్నాడు. కొద్ది రోజులకే ప్రమాదం లేదని తేలినప్పుడు, అంత హడావిడి చేసిన ఆ ఛానెల్‌లో ఆ సంగతి తెర అడుగున పరుగెత్తే అక్షరాల్లో ఒక్కసారి కనబడి పోయింది.

అప్పటినుంచి వాడి దృష్టిలో సైన్సు వార్త అంటే భయపెట్టేదైనా అయి ఉండాలి, అబద్ధమైనా అయి ఉండాలి. బళ్ళో చెప్పే సైన్సు పరీక్షకోసం, టీవీలో వచ్చేది భయపెట్టడంకోసం, రెండింటికీ సంబంధం లేదని అంటున్నాడు. ఈ వయసు పిల్లలకు ఆన్‌లైన్‌లో నమ్మదగినవి, వాళ్ళంతట వాళ్ళు ఇష్టపడి చదివేవి ఏమున్నాయో మీలో పిల్లలతో పనిచేసేవారు చెప్పగలరా? నేను వెతికితే నెలనెలా డబ్బు కట్టమనే యాప్‌లే ముందు వస్తున్నాయి. రోజుకు ముప్పావు గంటకు మించి ఫోను ఇవ్వను, ఆ సంగతి ముందే చెబుతున్నాను.

బడిగంట

అమ్మా, నేను ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మీ అబ్బాయి అడిగినదే ఆ ఫిబ్రవరిలో మా ఎనిమిదో తరగతి వాళ్ళూ అడిగారు. వెబ్‌సైట్ల సంగతికి వచ్చేముందు ఆ వార్తనే ఒకసారి విప్పి చూడటం మంచిది, ఎందుకంటే ఈ మధ్యకాలంలో పిల్లలకు చెప్పడానికి అంతకంటే మంచి వార్త నాకు దొరకలేదు.

ఆ గ్రహశకలం పేరు 2024 వైఆర్4. దాన్ని 2024 డిసెంబరు 27న చిలీ దేశంలోని అట్లాస్ టెలిస్కోపు కనిపెట్టింది. అది 2032 డిసెంబరు 22న భూమిని తాకే అవకాశం జనవరి ఆఖరుకు 1 శాతం దాటింది, ఫిబ్రవరి 18న 3.1 శాతానికి చేరింది, ఆ తర్వాత వారం తిరిగేలోపు 1 శాతంలో చిన్న భిన్నానికి పడిపోయింది. మా పిల్లల ప్రశ్న ఇది: ‘సార్, శాస్త్రవేత్తలకు సరిగ్గా తెలియకనే కదా అంకె పెరిగి, మళ్ళీ తగ్గింది?’

నేను వాళ్ళకు మేకపిల్ల కథ చెప్పాను. ఎకరం చేలో, అంటే నూరు సెంట్ల నేలలో, రాత్రిపూట ఒక మేకపిల్ల తప్పిపోయింది. అందులో ఒక సెంటు మీ పాదు. మేక మీ పాదులో ఉండే అవకాశం నూటికి ఒకటి. కాసేపు వెతికాక అది ఫలానా ముప్పై సెంట్లలోనే ఉందని తేలింది, ఆ ముప్పైలో మీ పాదు కూడా ఉంది. ఇప్పుడు అవకాశం ముప్పైకి ఒకటి, అంటే నూటికి మూడుకు పైనే. మేక మీ పాదు వైపు ఒక్క అడుగు కూడా వేయలేదు, వెతికే చోటు మాత్రమే తగ్గింది. ఇంకాసేపటికి అది ఆవలి పది సెంట్లలో ఉందని తెలిసింది, అక్కడ మీ పాదు లేదు. అవకాశం సున్నా. గ్రహశకలం విషయంలో జరిగిందీ ఇంతే: కక్ష్యను ఎంత ఎక్కువ రోజులు కొలిస్తే, 2032లో అది ఉండగల ప్రాంతం అంతగా కుంచించుకుపోతుంది. భూమి ఆ ప్రాంతంలో ఉన్నంతకాలం శాతం పెరుగుతుంది, బయటపడగానే కూలిపోతుంది.

పిల్లలు నల్లబల్ల మీద నూరు గళ్ళు గీసి, ఆ ఆటను మూడుసార్లు ఆడారు. అంతకుముందు సంభావ్యత పాఠం చెప్పినప్పుడు ఎవ్వరూ ఇంత గొడవ చేయలేదు.

పాత లెక్చరరు

మేకపిల్ల ఉదాహరణ బాగుంది, నేనూ వాడుకుంటాను. కాని ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఇంటర్మీడియట్ వాళ్ళకు భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. వార్తలతో సైన్సు మొదలుపెట్టడం, పునాది లేకుండా పైకప్పు వేయడం లాంటిదని నా అనుభవం. కృష్ణబిలాలంటే ఉత్సాహంగా మాట్లాడే పిల్లవాడికి ఇంట్లో ఫ్యూజు ఎందుకు పోతుందో తెలియదు. ఉష్ణవహనం అంటే ఏమిటో తెలియనివాడు చంద్రయాన్ వార్త చదివి నేర్చుకునేది ఏముంటుంది? రాకెట్టు ఎగిరింది, చప్పట్లు కొట్టాము, అంతే కదా. ముందు పాఠ్యపుస్తకం, తర్వాతే వార్త.

బడిగంట

మాస్టారూ, మీరు చంద్రయాన్ పేరెత్తారు కనుక దానితోనే జవాబు చెబుతాను. 2023 ఆగస్టు 23న విక్రమ్ ల్యాండర్ దిగిన సాయంత్రం మా ఊళ్ళో టపాకాయలు కాల్చారు. మీరన్న చప్పట్లు అవే. నాలుగు రోజుల తర్వాత ఇస్రో ఒక చిన్న గ్రాఫు విడుదల చేసింది. దాన్ని చాలా కొద్దిమందే పట్టించుకున్నారు. ల్యాండర్‌లోని ‘చేస్ట్’ అనే పరికరం, పది సెన్సార్లున్న ఒక కడ్డీని చంద్రుడి మట్టిలోకి దించింది. పైన సుమారు 50 డిగ్రీల వేడి. 8 సెంటీమీటర్ల లోతున మైనస్ 10 డిగ్రీలు. అరచేయి వెడల్పంత దిగేసరికి మే నెల ఎండ నుంచి డీప్ ఫ్రిజ్‌లోకి జారినట్టు.

మరుసటి రోజు ఆ గ్రాఫును అచ్చు తీసి తరగతిలో అంటించాను. వాళ్ళే అడిగారు: ‘మన ఇసుకలో ఎంత ఉంటుంది సార్?’ బడి వెనక ఇల్లు కడుతున్న చోట ఇసుక కుప్ప ఉంది. మిట్టమధ్యాహ్నం ప్రయోగశాల థర్మామీటర్లు రెండు తీసుకెళ్ళాము. (జ్వరం చూసే థర్మామీటరు మాత్రం ఎవరూ ఇసుకలో పెట్టకండి, దాని కొలత 42 డిగ్రీల దరిదాపుల్లో ఆగిపోతుంది.) లోపల చల్లగానే ఉంది, కాని చంద్రుడి మీద ఉన్నంత తేడా ఎక్కడా రాలేదు. ఎందుకు రాలేదన్న ప్రశ్న దగ్గర ఆ రోజు గంట మోగింది. ఉష్ణవహనం పాఠం మర్నాడు మొదలుపెట్టాను. పాఠం వాళ్ళకు కావలసి వచ్చాకే చెప్పాను, తేడా అంతే.

పాత లెక్చరరు

ఆ ప్రశ్నకు జవాబును మీరు పిల్లలకు పూర్తిగా చెప్పే ఉంటారు, అయినా ఇక్కడ చదివేవారికోసం రాస్తాను. మన ఇసుక రేణువుల మధ్య గాలి ఉంటుంది, కొంత చెమ్మ కూడా ఉంటుంది, అవి రెండూ వేడిని కిందికి మోస్తాయి. చంద్రుడి మీద గాలి లేదు, నీటి చెమ్మ లేదు, మట్టి పిండిలా సన్నగా ఉంటుంది. రేణువుకూ రేణువుకూ తగిలే ఆ చిన్న చిన్న బిందువుల గుండానే వేడి దిగాలి. అందుకే ఆ పొర దుప్పటిలా పనిచేస్తుంది. తడిపిన ఇసుకతోనూ పొడి ఇసుకతోనూ ఇదే కొలత తీయించి ఉంటే సగం జవాబు పిల్లలకే దొరికేది.

ఇంకొక మాట. ఆ 50 డిగ్రీల అంకెను పట్టుకుని ఆగిపోకండి. 2025లో వెలువడిన పరిశోధనా పత్రంలో అక్కడి ఉపరితలం 82 డిగ్రీల దాకా వేడెక్కిందని శాస్త్రవేత్తలే వివరించారు. కడ్డీ దిగిన చోటు సూర్యుడి వైపు 6 డిగ్రీలు వాలి ఉండటమే అందుకు కారణం. ఒక్క మీటరు దూరంలో సమతలంగా ఉన్న చోట 59 డిగ్రీలే ఉంది. 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర సూర్యుడు ఆకాశంలో కిందికే ఉంటాడు కనుక నేల కొద్దిగా వాలినా పడే ఎండ చాలా మారుతుంది. ఒక టార్చిలైటు, ఒక అట్టముక్క ఉంటే ఈ సంగతి చీకటి గదిలో చూపించవచ్చు. నా అభ్యంతరంలో సగం వెనక్కి తీసుకుంటున్నాను, మిగతా సగం ఇంకా నా దగ్గరే ఉంది.

పిల్లలకోడి

నేను విశాఖలో ఉంటాను, ఉద్యోగం వేరైనా ఆకాశం చూడటం నా వ్యసనం. నా పేరు చూసి కోళ్ళ ఫారం అనుకునేవారికి: కృత్తికా నక్షత్రాల గుంపును మన పల్లెల్లో పిల్లల కోడి అంటారు. మృగశిర నడుమన వరుసగా కనిపించే మూడు చుక్కలు గొల్లకావిడి. స్టెలేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేరులో మీ ఊరి పేరు పెట్టి, ఏ రాత్రి ఏ చుక్క ఎక్కడ ఉంటుందో పిల్లలకు చూపించవచ్చు. కాని ముందుగా వాళ్ళ నాయనమ్మనో తాతయ్యనో ఆ చుక్కల పేర్లు అడగమనండి. యాప్ చెప్పే పేరూ తాతయ్య చెప్పే పేరూ ఒకే చుక్కవని తెలిసిన రోజున పిల్లల ముఖాలు చూడాలి.

ఏడో తరగతి అమ్మగారికి నా సలహా ఒక్కటే. శుభాంశు శుక్లా 2025 జూన్ 26న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరి, జూలై 14న బయలుదేరి వచ్చిన వార్త మీ అబ్బాయి వినే ఉంటాడు. ఆ కేంద్రాన్ని మీ డాబా మీద నుంచి కంటితో చూడవచ్చు. మీ ఊరి మీదుగా ఎప్పుడు వెళుతుందో నాసా వారి ‘స్పాట్ ద స్టేషన్’ చెబుతుంది. నిమిషాలు, దిక్కు, ఎత్తు కాగితం మీద రాసుకుని ఫోను లోపల పెట్టేయండి, మీ ముప్పావు గంట నియమానికి భంగం రాదు. మినుకుమనకుండా, విమానంలా దీపాలు వెలిగి ఆరకుండా, నిలకడగా ఒక చుక్క ఆకాశాన్ని దాటుతుంది. కొన్నిసార్లు నడి ఆకాశంలోనే మాయమైపోతుంది. ఎక్కడికి పోయిందని వాడు తప్పకుండా అడుగుతాడు. వెంటనే చెప్పకండి. సాయంత్రమో తెల్లవారుజామునో తప్ప అది నడిరాత్రి ఎందుకు కనబడదన్న ప్రశ్నను కూడా దాని పక్కన పెట్టండి. మనం చీకట్లో ఉండగా అంత ఎత్తున దానికి ఇంకా ఎండ తగులుతూ ఉంటుందనీ, అది భూమి నీడలోకి వెళ్ళగానే ఆరిపోతుందనీ వాడే పట్టుకోగలడు. దాని ఎత్తు సుమారు 400 కిలోమీటర్లు, అంటే హైదరాబాదు నుంచి తిరుపతికి వెళ్ళే దూరం కంటే తక్కువ. చాలామంది పిల్లలు అది చంద్రుడి దగ్గర ఎక్కడో ఉందనుకుంటారు.

ఆగస్టు నెల కనుక మరొకటి. ‘27న అంగారకుడు చంద్రుడంత పెద్దగా కనబడతాడు, ఈ అవకాశం మళ్ళీ రాదు’ అనే వాట్సాప్ సందేశం మీ బంధువుల గుంపులోకి ఈ ఏడాది కూడా వచ్చే ఉంటుంది. అది 2003 నాటిది. ఆ ఏడాది ఆగస్టు 27న అంగారకుడు నిజంగానే దాదాపు 60,000 ఏళ్ళలో ఎన్నడూ లేనంత దగ్గరకు, సుమారు 5.57 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. 75 రెట్లు పెద్దగా చూపే టెలిస్కోపులో చూస్తే, మామూలు కంటికి చంద్రుడు కనిపించినంత కనిపిస్తాడన్న వాక్యంలో టెలిస్కోపు ఊడిపోయి, మిగతాది ఇరవై ఏళ్ళకు పైగా తిరుగుతూనే ఉంది. ఏడో తరగతి వాడికి నిష్పత్తులు వచ్చు. అంగారకుడి వ్యాసం చంద్రుడి వ్యాసానికి సుమారు రెట్టింపు, దూరం 3.84 లక్షల కిలోమీటర్ల చంద్రుడితో పోలిస్తే 145 రెట్లు. ఎంత పెద్దగా కనబడాలో వాడినే లెక్క కట్టమనండి. జవాబు చంద్రుడిలో డెబ్బైయవ వంతు కంటే తక్కువ వస్తుంది. ఆ లెక్క కాగితాన్ని ఫొటో తీసి బంధువుల గుంపులో పెట్టమనండి. మా మేనల్లుడు పెట్టాడు. వాళ్ళ పెదనాన్న ఆ తర్వాత ఏది పంపాలన్నా ముందు వాడికే పంపుతున్నాడు.

ఊరికి దూరం

మేము డాలస్ దగ్గర ఉంటాము. 2024 ఏప్రిల్ 8 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం మా ఇంటి మీదుగానే వెళ్ళింది. గుంటూరు నుంచి వచ్చి ఉన్న మా అమ్మ, గ్రహణం సమయంలో పిల్లలు గడప దాటకూడదని ముందురోజే చెప్పేసింది. మా అమ్మాయికి అప్పుడు పదేళ్ళు. అది వాదించలేదు. గ్రహణం కళ్ళద్దాల గురించి తాను చదివినదంతా నాయనమ్మకు తెలుగులో చెప్పడానికి ప్రయత్నించింది. పాక్షిక గ్రహణాన్ని వట్టి కళ్ళతో చూడకూడదన్న మాట దగ్గర ఇద్దరికీ రాజీ కుదిరింది, ఎందుకంటే సూర్యుణ్ణి నేరుగా చూడవద్దన్నదే మా అమ్మ మాట కూడా.

తర్వాత అది వంటింట్లోంచి బూరెలు దేవే చిల్లుల గరిటె తెచ్చి వాకిట్లో ఎండకు అడ్డంగా పట్టుకుంది. సిమెంటు నేల మీద డజన్లకొద్దీ చిన్న చిన్న నెలవంకలు పడ్డాయి. ఒక్కొక్క చిల్లూ ఒక్కొక్క సూర్యుడి బొమ్మను వేస్తుందని చెప్పింది. గుమ్మం లోపలే నిలబడిన మా అమ్మ, ఆ నెలవంకలు సన్నబడుతున్న కొద్దీ ఒక్కొక్క అడుగే ముందుకు వేసి, చివరికి చెప్పులు లేకుండానే వాకిట్లోకి వచ్చేసింది. చీకటి పడిన ఆ మూడు నిమిషాల పైచిలుకు మేమందరం బయటే ఉన్నాము. స్నానం మాత్రం ఎవరికీ తప్పలేదు.

పాత లెక్చరరు గారి మాటకు ఇది జవాబు కాదు, కాని ఒకటి గమనించాను. మా అమ్మాయి ఆ వార్తను తానొక్కతే చదివి ఉంటే రెండో రోజుకు మరచిపోయేది. ఇంకొకరికి, అదీ నమ్మనివారికి, తనకు కష్టమైన భాషలో చెప్పవలసి రావడంతో పదిసార్లు చదివింది.

గ్రంథాలయం మెట్లు

నేను బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతూ, ఆదివారాలు మా మండల గ్రంథాలయంలో పిల్లలతో సైన్సు చేయిస్తుంటాను. అమ్మగారు అసలు అడిగింది ఏవి చూడాలని. ఇప్పటివరకు ఎవరూ ఆ జాబితా రాయలేదు కనుక, నేను వాడి చూసినవాటి గురించే, నచ్చనిది కూడా కలిపి చెబుతాను.

పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్షా వేదికలోని వీడియో తెరుచుకుంటుంది. పాఠం మళ్ళీ వినడానికి పనికొస్తుంది, కాని అందులో ఎక్కువ భాగం పుస్తకంలో ఉన్నదే పైకి చదివినట్టు ఉంటుంది. కుతూహలం దానితో పుడుతుందని ఆశించకండి. తెలంగాణలో ఉన్నారు కనుక టీ-శాట్ విద్య ఛానెల్ కూడా చూడవచ్చు, దానికీ ఇదే మాట వర్తిస్తుంది.

ఫెట్ అనే వెబ్‌సైటులోని ప్రయోగాల సంగతి వేరు. నోబెల్ బహుమతి పొందిన భౌతికశాస్త్రవేత్త కార్ల్ వైమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన పని అది. తెర మీద బ్యాటరీ, తీగలు, బల్బు కలుపుకుంటూ వలయం కట్టవచ్చు, తప్పు కలిపితే మంట కూడా వస్తుంది. కొన్నింటికి తెలుగు అనువాదాలున్నాయి. మాకు ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఒక్కొక్క ప్రయోగాన్ని దించుకుని పెన్‌డ్రైవులో పెట్టుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. మా గ్రంథాలయంలో ఉన్న ఒకే ఒక పాత కంప్యూటరు మీద పదకొండుమంది పిల్లలు వంతులు వేసుకుని ఆడతారు.

అరవింద్ గుప్తా బొమ్మల వెబ్‌సైటు ఉచితం. పారేసే వస్తువులతో చేసే వందల బొమ్మలు అందులో ఉన్నాయి. భాష రాకపోయినా చేతులు చూస్తే చాలు. అగ్గిపుల్లల నిర్మాణాలకు సైకిలు వాల్వు ట్యూబు కావాలి. దానికోసం మా ఊళ్ళో మూడు సైకిలు షాపులు తిరిగితే, నాలుగోచోట ఒక ముసలాయన డబ్బా అడుగున వెతికి మూర కొలిచి ఇచ్చి, డబ్బులు వద్దన్నాడు.

వార్తలకు ఇంగ్లీషులో ‘సైన్స్ న్యూస్ ఎక్స్‌ప్లోర్స్’ ఉంది. ప్రతి వార్త కింద కష్టమైన మాటలకు అర్థాలు ఇస్తారు. ‘ఫ్రాంటియర్స్ ఫర్ యంగ్ మైండ్స్’ అనే పత్రికలో శాస్త్రవేత్తలు రాసిన వ్యాసాలను 8 నుంచి 15 ఏళ్ళ పిల్లలే పరిశీలించి, అర్థం కానివి తిరిగి రాయమంటారు. ఆ సంగతి చెప్పాక మా పిల్లలు కూడా చదివిన ప్రతిదాని పక్కన ‘ఇక్కడ అర్థం కాలేదు’ అని పెన్సిలుతో గీతలు పెట్టడం మొదలుపెట్టారు. తెలుగులో నెలనెలా చదవడానికి జన విజ్ఞాన వేదిక వారి ‘చెకుముకి’ ఉంది, కాగితం మీద.

తెలుగులో పిల్లల సైన్సు వార్తల వెబ్‌సైటు ఒక్కటైనా రోజూ తాజాగా నడుస్తూ ఉంటే బాగుండేది. అది లేని లోటును నేను ఆదివారం పొద్దున్నే ఒక వార్తను పది వాక్యాల్లో తెలుగులో రాసి గోడకు అంటించి పూడ్చుకుంటున్నాను. మొదట్లో ‘కిరణజన్య సంయోగక్రియ’ అని రాస్తే ఇంగ్లీషు మీడియం పిల్లలు బిక్కమొహం వేశారు, ‘ఫొటోసింథసిస్’ అని రాస్తే తెలుగు మీడియం పిల్లలు వేశారు. ఇప్పుడు ‘ఆకు ఎండతో అన్నం వండుకోవడం’ అని రాసి, రెండు పేర్లూ పక్కన పెడుతున్నాను.

పాత లెక్చరరు

అమ్మాయీ, ఆ గోడ పత్రికలు దాచి పెడుతున్నావా? పెట్టకపోతే ఇకనుంచైనా పెట్టు. నా దగ్గర మిగిలిన సగం అభ్యంతరం ఏమిటంటే, వార్త వచ్చిన రోజుతోనే మన శ్రద్ధ అయిపోతుంది. రాకెట్టు లేచిన రోజున అంటించిన కాగితం పక్కన, రెండేళ్ళ తర్వాత ఫలితం వచ్చిన రోజున రెండో కాగితం అంటించేవారు ఎవరూ లేరు. 50 డిగ్రీల పక్కన 82 డిగ్రీలు ఎన్ని బళ్ళలో రాశారు? నిసార్ ఉపగ్రహాన్ని 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి పంపారు కదా, నేల కుంగడాన్ని, మంచు కదలికను కొలుస్తుందంటున్నారు. దాని పేరుతో ఇప్పుడే ఒక పేజీ తెరిచి, కింద సగం ఖాళీగా ఉంచు. నీ పదకొండుమందిలో ఎవరో ఒకరు దాన్ని నింపుతారు.

గ్రంథాలయం మెట్లు

అలాగే మాస్టారూ. పాతవి పన్నెండు ఉన్నాయి, మిగతావి వానకు తడిసిపోయాయి. రేపటి నుంచి కుట్టిన పుస్తకంలో అంటిస్తాను.

ఏడో తరగతి అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. మేము యాప్ ఏదీ కొనలేదు. శనివారం రాత్రి బడిగంట గారి మేకపిల్ల ఆటను గళ్ళ కాగితం మీద ఆడాము. మా అత్తగారు కూడా కూర్చున్నారు, మేకను ప్రతిసారీ ఆవిడే దాచారు. పాత లెక్చరరు గారు చెప్పినట్టు మావాడు ఒక నోటుపుస్తకంలో మొదటి పేజీకి 2024 వైఆర్4 అని పేరు పెట్టి, ఒక్కొక్క తేదీ పక్కన శాతాన్ని రాసి, కింద సగం ఖాళీ వదిలాడు. అది ఇప్పుడు దూరంగా వెళ్ళిపోయిందనీ, 2028 డిసెంబరులో మళ్ళీ మనవైపు వస్తుందనీ, అప్పుడు ఇంకా బాగా కొలుస్తారనీ చదివి, ఆ నెల పేరు కూడా రాసుకున్నాడు.

కాసేపు ఆలోచించి నా దగ్గరకు వచ్చి, అప్పటికి తాను పదో తరగతిలో ఉంటాడు కదా, ఆ నెలలో ముప్పావు గంట నియమం సడలిస్తావా అని అడిగాడు.